గేదె ఈసుకుపోయాక నాన్నకు వదలని జ్వరం: రెండిటికీ సంబంధం ఉందా?

మీరు అడిగింది ఇదీ. కొత్తపేట అవతల లంకలో మీ ఇంటి ముర్రా గేదె ఏడో నెల చూడి మీద ఈసుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే దూడను వేసేసింది. మాయ వేయకపోతే నాన్నగారూ పాలేరూ కలిసి చేత్తోనే తీసేశారు. మూడు వారాలకు నాన్నగారికి జ్వరం మొదలైంది. పగలు బాగానే ఉంటారు, పొద్దు వాలేసరికి ఒళ్ళు వెచ్చబడుతుంది, రాత్రి చొక్కా పిండుకునేంత చెమట, నడుం పట్టేసింది. టైఫాయిడ్ అని రెండు విడతలు మందులు వాడారు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. మీరేమో హైదరాబాదులో ఉన్నారు, చెల్లెలు పురిటికి వచ్చి అదే ఇంట్లో ఉంది. ఈ జ్వరం గేదె వల్ల వచ్చిందా, దాని పాలు తాగొచ్చా, దాన్ని అమ్మేయాలా? ఇవీ మీ మూడు ప్రశ్నలు.

మొదటిదానికి: గేదె వల్లే వచ్చి ఉండే అవకాశం బాగా ఉంది. మీరు రాసిన లక్షణాలు వింటే నాకు ముందుగా తట్టేది బ్రూసెల్లోసిస్, అంటే బ్రూసెల్లా అనే క్రిమి వల్ల పశువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బు. మా పశుసంవర్ధక శాఖ పుస్తకాల్లో దీన్ని ‘ఈసుకుపోవు వ్యాధి’ అంటారు. నాన్నగారిని రేపే ఒక ఎండీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళమనండి. వెళ్ళగానే చెప్పాల్సిన మొదటి మాట జ్వరం గురించి కాదు, "మా గేదె ఈసుకుపోయింది, మాయ నేనే చేత్తో తీశాను" అని. ఆ ఒక్క మాట లేకపోతే డాక్టరు బ్రూసెల్లా పరీక్ష రాయాలని అనుకోకపోవచ్చు. పాలు బాగా కాచి తాగండి. గేదెను ఇప్పుడే అమ్మకండి.

ఇక వివరంగా రాస్తాను, కాస్త ఓపిక పట్టండి.

నేను పశువుల డాక్టర్ని. తిరుపతిలో చదివి, ముప్పై ఏళ్ళు కోనసీమలోనూ నరసాపురం వైపూ పనిచేసి రిటైరయ్యాను. మనుషులకు మందు రాసే హక్కు నాకు లేదు, రాయను కూడా. కానీ ఈ జబ్బు నాకు పుస్తకంలోనే కాదు, ఒంట్లోనూ తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వానాకాలం ఒక రాత్రి, పడవ దాటి వెళ్ళి, ఒక గేదెకు మాయ తీశాను. భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే మిగిలింది, అదీ మధ్యలో చిరిగింది. ముంజేతి మీద కొబ్బరి మట్ట గీసుకున్న గాయం ఉంది. సబ్బుతో కడుక్కుని, రైతు ఇచ్చిన టీ తాగి ఇంటికొచ్చేశాను.

నెల తిరిగేసరికి జ్వరం. సాయంత్రం నాలుగింటికి వచ్చేది, తెల్లారేసరికి పోయేది. ముందు మలేరియా అనుకున్నాను. ఒక ప్రైవేటు క్లినిక్‌లో వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. మందు వాడినన్నాళ్ళూ తగ్గడం, ఆపిన పది రోజులకు మళ్ళీ రావడం. ఒళ్ళు తగ్గి పెళ్ళిచొక్కా వదులైంది. చివరికి నాతో చదువుకున్న స్నేహితుడు ఫోన్‌లో అడిగాడు, "ఈమధ్య ఎక్కడ మాయ తీశావురా?" అని. అప్పుడు వెలిగింది. ఊరందరికీ ఈ జబ్బు గురించి చెప్పే డాక్టరుకే తన జ్వరం ఏమిటో తట్టలేదు. అందుకే మీ నాన్నగారికి మందు రాసినవాళ్ళను నేను తప్పుపట్టను. పరీక్ష రాయించాల్సిన కబురు పాకలో ఉండిపోయింది, ఆసుపత్రి దాకా రాలేదు.

ఈ క్రిమికి చూడి పశువు గర్భసంచి అంటే ఎందుకంత ఇష్టం? పశువుల మాయలో ఎరిథ్రిటాల్ అనే ఒక రకం చక్కెర ఉంటుంది. బ్రూసెల్లాకు అది విందు భోజనం. అక్కడ కోట్లకు కోట్లుగా పెరిగి మాయను పుండు చేస్తుంది, దూడ నిలవదు. అందుకే ఎక్కువగా చూడి చివరి నెలల్లో, ఆరో నెల దాటాకే ఈసుకుపోతుంది. తర్వాత మాయ వేయకపోవడం కూడా దీని తీరే. ఆ మాయలో, ఉమ్మనీటిలో, చచ్చిన దూడలో ఉన్నంత క్రిమి పశువు ఒంట్లో మరెక్కడా ఉండదు. చేతి మీద చిన్న గీత చాలు. కంట్లో చిట్లినా చాలు. పాక కడిగేటప్పుడు లేచే తుంపర పీల్చినా ఎక్కవచ్చు. పచ్చిపాలు ఇంకో దారి.

క్రిమి ఎక్కిన రోజునే జ్వరం రాదు. సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి రెండు నెలలు కూడా పడుతుంది. మీ లెక్కలో మూడు వారాలు అంటున్నారు, సరిగ్గా సరిపోతోంది.

మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. నేరుగా ఎండ తగిలితే ఈ క్రిమి గంటల్లో చస్తుంది. కానీ మన పాకలు ఎక్కడుంటాయి? కొబ్బరిచెట్ల నీడన, బోదె పక్కన, ఏడాదిలో సగం రోజులు తడి ఆరని నేల మీద. అలాంటి చోట నెలల తరబడి బతికే ఉంటుంది. పైగా చచ్చిన దూడనూ మాయనూ చాలామంది కాలువలోకి విసిరేస్తారు. కొన్ని ఊళ్ళలో పాలు బాగా పడతాయని మాయను మర్రిచెట్టుకు వేలాడదీసే అలవాటూ ఉంది. కుక్కలు పీక్కెళ్ళి నాలుగు వీధులు తిప్పుతాయి. పై ఊరి కాలువలో వేసింది కింది ఊరి గేదెలు దిగే రేవుకే వస్తుంది.

అయితే ఇది బ్రూసెల్లోసిసే అని నేను తేల్చి చెప్పడం లేదు. గేదె ఈసుకుపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. పొడుచుకోవడం, జారిపడటం, వేరే క్రిములు, వైరస్‌లు. అలాగే నాన్నగారి జ్వరానికీ వేరే కారణం ఉండవచ్చు. క్షయ కూడా సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలతోనే వస్తుంది, అదీ చూడాలి.

డెల్టాలో మరచిపోకూడని రెండోది ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రంలోని క్రిమి వరిచేల నీళ్ళలో, బురదలో ఉండి కాళ్ళ పగుళ్ళలోంచి ఎక్కుతుంది. పశువుల మూత్రంలోనూ వస్తుంది, గేదెలను ఈసుకుపోయేలా చేసేదాంట్లో అదీ ఒకటి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. లంకల్లో కలుగులు మునిగితే ఎలుకలన్నీ గట్ల మీదికి, అంటే మనుషులూ పశువులూ తలదాచుకున్న చోటికే చేరతాయి. అలాంటప్పుడు వచ్చే జ్వరాల్లో ఎలుక జ్వరాన్ని ముందు అనుమానించాలి. దాని తీరు వేరు. ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, పిక్కలు ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి, కళ్ళు ఎర్రబడతాయి. మీ నాన్నగారిది ఇన్ని వారాలుగా పడుతూ లేస్తూ నడుస్తున్న జ్వరం కాబట్టి నా మొగ్గు బ్రూసెల్లా వైపే. కానీ కళ్ళు పచ్చబడినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా ఈ చర్చంతా పక్కనపెట్టి ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

పరీక్షల విషయానికి వస్తే, బ్రూసెల్లాకు రోజ్ బెంగాల్ అనే తేలిక పరీక్ష ఒకటి ఉంది, దాని మీద ట్యూబ్ పరీక్ష ఒకటి ఉంది. రెండోదాంట్లో అంకె వస్తుంది. ఒక్క అంకె చూసి తేల్చరు, లక్షణాలతో కలిపి చూస్తారు, అవసరమైతే రెండు వారాలాగి మళ్ళీ తీస్తారు. రక్తాన్ని కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూడటానికి, పంపితే మాత్రం బ్రూసెల్లా అనుమానం అని చీటీ మీద రాయించండి. క్రిమి నెమ్మదిగా పెరిగే రకం, ల్యాబ్‌వాళ్ళు తొందరపడి పారేయకుండా ఉంటారు. అంతకంటే ముఖ్యం, ల్యాబ్‌లో పనిచేసే పిల్లలకు ఇది గాలి ద్వారా అంటుకున్న సందర్భాలు ప్రపంచమంతా ఉన్నాయి. వాళ్ళకు తెలియాలి.

అన్నట్టు, వైడాల్ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ అని కాదు. ఎప్పుడో వచ్చి పోయిన జ్వరానికీ, వేరే జ్వరాలకూ అది పాజిటివ్ చూపించగలదు. మన జిల్లాల్లో వర్షాకాలం వచ్చిందంటే ప్రతి వీధిలోనూ ‘టైఫాయిడ్’ ఎందుకు ఉంటుందో నాకు ఎప్పుడూ అనుమానమే.

మందు ఒక వారం కాదు, ఆరు వారాలు. మామూలుగా డాక్సీసైక్లిన్‌తో పాటు రిఫాంపిసిన్ ఆరు వారాలు ఇస్తారు, లేదా డాక్సీసైక్లిన్‌తో మొదటి రెండు మూడు వారాలు ఇంజెక్షన్లు కలుపుతారు. ఏది, ఎంత అన్నది డాక్టరుగారి పని. నేను చెప్పేది రైతుల ఇళ్ళల్లో జరిగేది. రెండో వారానికి జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది, ‘ఇంకెందుకు ఈ మాత్రలు, వేడి చేస్తున్నాయి’ అని మానేస్తారు. ఈ క్రిమి మన కణాల లోపల దాక్కుంటుంది. పైపైన చచ్చి, లోపలున్నది మళ్ళీ లేస్తుంది. మీ నాన్నగారికి రెండు విడతల మందుకు తగ్గి మళ్ళీ రావడం కూడా అందుకే అయి ఉండొచ్చు. నిర్లక్ష్యం చేస్తే వెన్నుపూసకు చేరుతుంది, అరుదుగా గుండె కవాటాలకూ పాకుతుంది. రిఫాంపిసిన్ వాడితే మూత్రం నారింజరంగులో వస్తుంది. అది రక్తం కాదని నాన్నగారికి ముందే చెప్పండి, లేకపోతే ఆ భయంతోనే మానేస్తారు. మా ఇంట్లో మా అమ్మ ఆ రంగు చూసి దిష్టి తీసింది.

ఇంకో సంగతి, పెద్దవాళ్ళు పిల్లలతో చెప్పుకోరు కాబట్టి మీరే అడగాలి. మగవాళ్ళలో కొందరికి ఒకవైపు వృషణం వాచి నొప్పి పుడుతుంది. మేకలు మేపుకునే ఒక కుర్రాడు, పెళ్ళి కుదిరి ఉంది, ఇలాగే వాచి ఎవరికీ చెప్పుకోలేక రెండు నెలలు నాటుమందు వాడాడు. వాళ్ళ మందలో వరుసగా నాలుగు మేకలు ఈసుకుపోయాయని నేను ఆ ఇంటికి వెళ్తే, గడప దిగి నాతోపాటు నడుస్తూ మెల్లిగా చెప్పాడు. మేకల్లో ఉండే రకం మనుషుల్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మందు పడ్డాక తగ్గింది, పెళ్ళీ అయింది.

చెల్లెలి గురించి. నాన్నగారి పక్కన కూర్చున్నంత మాత్రాన, అన్నం వడ్డించినంత మాత్రాన అంటుకోదు. మనిషి నుంచి మనిషికి పాకడం చాలా అరుదు. కానీ చూలాలికి ఈ జబ్బు వస్తే కడుపు పోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ అమ్మాయి పాకలోకి వెళ్ళకూడదు, పేడ ఎత్తకూడదు, పచ్చిపాలు నోట పెట్టకూడదు. పురిటాలయ్యాక కూడా కొన్నాళ్ళు ఇదే పద్ధతి.

పాలు. పొంగు వచ్చి రెండు నిమిషాలు మరిగితే ఈ క్రిమి చస్తుంది. డైరీలో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేసినా చస్తుంది. కాచిన పాలతో తోడుపెట్టిన పెరుగు, ఆ పెరుగు చిలికిన వెన్న, నెయ్యి అన్నీ వాడుకోవచ్చు. ప్రమాదమల్లా పొదుగు దగ్గర చెంబు పట్టుకు నిలబడి ‘పొదుగు వేడి పాలు బలం’ అని పిల్లలకు పట్టించే తాతయ్యల దగ్గరే. జున్ను ఆవిరి మీద లోపలి దాకా గట్టిపడేలా ఉడికితే ఫరవాలేదు, మధ్యలో జారుగా ఉన్నది వద్దు. మీ గేదె పాలు వాడకానికి పోయించుకునే ఇరుగుపొరుగుకూ ఈ మాట చెప్పాలి. మొహమాటమే, కానీ చెప్పాలి.

ఇప్పుడు గేదె. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఈ జబ్బున్న పశువు సాధారణంగా ఒక్కసారే ఈసుకుపోతుంది. తర్వాత ఎదకు వస్తుంది, కడుతుంది, చక్కగా ఈనుతుంది. రైతు ‘నయమైపోయింది’ అనుకుంటాడు. నయం కాలేదు. పాలల్లోనూ, ప్రతి ఈతప్పుడు మాయలోనూ క్రిమిని వదులుతూనే ఉంటుంది. ఈ మోసం పాతదే. మాల్టా ద్వీపంలో సైనికులు ఇలాంటి జ్వరంతో చనిపోతుంటే 1887లో డేవిడ్ బ్రూస్ క్రిమిని కనిపెట్టాడు, దాని పేరు ఆయన పేరే. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియడానికి ఇంకో పద్దెనిమిదేళ్ళు పట్టింది. 1905లో జమిట్ అనే మాల్టా డాక్టరు మేకలను పరీక్షిస్తే, ఏ రోగమూ లేనట్టు తిరుగుతున్న మేకల్లోనే అది దొరికింది. సైన్యానికి మేకపాలు ఆపేశారు, జ్వరాలు పడిపోయాయి.

అందుకని మీ గేదెకు రక్తపరీక్ష చేయించండి. రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకుడికి చెప్పినా, పశువైద్యం కోసం పెట్టిన 1962 నంబరుకు ఫోన్ చేసినా సరే. ఈసుకుపోయిన కొత్తలో పరీక్షకు అందకపోవచ్చు, రెండు మూడు వారాలయ్యాక బాగా తెలుస్తుంది, మీకు ఆ గడువు ఎలాగూ దాటింది. పాకలో మిగతా పశువులకూ తీయించండి. పాజిటివ్ వస్తే పశువుకు మందు పెట్టి నయం చేయడమనేది ఆచరణలో లేదు. ఎవరైనా ఇంజెక్షన్ల కోర్సుతో పోగొడతానంటే డబ్బు ఇవ్వకండి.

అమ్మడం గురించి నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. సంతకు తోలేస్తే మీ పాక ఖాళీ అవుతుంది, ఇంకొకరి పాక నిండుతుంది. నేను చూసిన ఒక ఇంట్లో సంతలో కొన్న ఒక్క గేదెతో మొదలై రెండేళ్ళలో మూడు పడ్డలు మొదటి చూడికే ఈసుకుపోయాయి. అమ్మినవాడికి తెలుసు, తెలిసే అమ్మాడు. ఆ కొన్న రైతు కౌలుకి సాగుచేసే మనిషి. పాజిటివ్ గేదెను విడిగా కట్టి, ఊరి దున్నకు చూపించకుండా, పాలు కాచి వాడుకుంటూ ఉంచుకోవడమో, మీ మండల పశువైద్యుడితో మాట్లాడి వేరే ఏర్పాటు చేసుకోవడమో తప్ప తేలిక దారి లేదు. ఆర్థికంగా ఇబ్బందే, కాదనను.

మీ పాకలో నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆడదూడలుంటే టీకా ఇప్పుడే వేయించండి. జీవితంలో ఒక్కసారే, 2019 నుంచి దేశమంతా ఉచితంగా వేస్తున్నారు. మగదూడలకూ చూడి పశువులకూ వేయరు. మనుషులకు ఈ జబ్బుకు టీకా లేదు. పశువులకు వేసే ఆ టీకా బతికున్న క్రిమే కాబట్టి సూది మా చేతికి గుచ్చుకున్నా మాకు జ్వరమే, దూడను గట్టిగా పట్టుకోండి బాబూ.

మళ్ళీ ఎప్పుడైనా మాయ వేయకపోతే లాగకండి. బలవంతంగా లాగితే మనిషికే కాదు, గర్భసంచికీ దెబ్బే. డాక్టర్ని పిలవండి. తప్పనిసరై ముట్టుకోవాల్సి వస్తే తొడుగులు వేసుకోండి, దొరక్కపోతే పాలిథిన్ సంచులు మోచేతి దాకా తొడిగి దారంతో కట్టుకోండి, మూతికీ కళ్ళకూ అడ్డం పెట్టుకోండి. పూడ్చడం మన దగ్గర కష్టం, రెండు మూరలు తవ్వితే నీళ్ళు ఊరతాయి. గట్టులాంటి ఎత్తు జాగాలో, బోరుకూ కాలువకూ దూరంగా, సున్నం చల్లి కుక్కలు తవ్వలేనట్టు పూడ్చండి. అలాంటి చోటు లేకపోతే కాల్చేయండి. పాక నేల కడిగి బ్లీచింగ్ పోసి ఎండ తగలనివ్వండి.

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్ళకు బర్డ్‌ఫ్లూ తేలినప్పుడు మా బంధువుల ఇళ్ళలో బాగా ఉడికిన కోడికూర కూడా ముట్టలేదు. ఫారాల్లో ఒళ్ళంతా కప్పుకున్న మనుషుల్ని టీవీలో చూసి నోరెళ్ళబెట్టారు. అదే ఇళ్ళలో గేదె ఈసుకుపోతే బనీను వేసుకుని మోచేతి దాకా చెయ్యి పెట్టేస్తారు.

చివరగా ఒకటి. మాయ తీసింది నాన్నగారూ పాలేరూ కలిసి అని రాశారు. నాన్నగారి జ్వరం గురించి పేజీ నిండా ఉంది, పాలేరు గురించి ఆ ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు. అతనికి జ్వరం ఉందా? పనికి వస్తున్నాడా, మానేశాడా? జ్వరం ఉన్నా కూలి పోతుందని చెప్పడు, పరీక్షకు తనంతట తాను వెళ్ళడు. నాన్నగారితో పాటు అతన్నీ అదే బండిలో తీసుకెళ్ళి పరీక్షకు రక్తం ఇప్పించండి, ఖర్చు మీరే పెట్టుకోండి. ఈ రాత్రే ఇంటికి ఫోన్ చేసి అతని సంగతి కనుక్కుని ఇక్కడ రాయండి.